చదువు – కొలువు: ఉచిత ఆన్‌లైన్ కోర్సు చేస్తే డిగ్రీ అక్కర్లేదా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల పాఠాలు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఏళ్ల తరబడి కాలేజీకి వెళ్లి డిగ్రీ తెచ్చుకోవడం దేనికని కొందరు అడిగారు; ఆ ఉచిత కోర్సుల సర్టిఫికెట్లకు ఎక్కడైనా విలువ ఉందా అని ఇంకొందరు అడిగారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాను. పేర్లు ప్రచురించవద్దని కోరినవారే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీలో నేర్పేదేమీ లేదనీ, కంప్యూటర్ కోర్సులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయనీ, కాలేజీ మానేసి ఒక ఏడాది వాటినే చదివి ఉద్యోగం తెచ్చుకుంటాననీ అంటున్నాడు. నేను పదో తరగతితో చదువు ఆపిన రైతును. వాడికి ఏం చెప్పాలో నాకు పాలుపోవడం లేదు. – ఒక తండ్రి, నంద్యాల జిల్లా

జవాబు: అయ్యా, మీ అబ్బాయి మాటలో కొంత నిజం ఉంది. దాన్ని ముందుగా ఒప్పుకుంటేనే ఆ తరవాత మీరు చెప్పేది అతని చెవికి ఎక్కుతుంది. పాఠం వరకే చూస్తే, చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో వినే పాఠం కంటే మెరుగైనది ఇవాళ పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలను అందరికీ అందుబాటులో పెడతానని 2001లోనే ప్రకటించింది. మన ఐఐటీలూ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థా కలిసి, ఇంజినీరింగ్, సైన్స్ పాఠాలను ఉచితంగా అందించే వేదికగా 2003లో ఎన్‌పీటెల్‌ను ప్రారంభించాయి. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ ఉచితంగా చెప్పిన కృత్రిమ మేధ కోర్సులో ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. మరుసటి ఏడాదే ఇటువంటి కోర్సులు నడిపే కోర్సెరా, ఎడెక్స్ వేదికలు వచ్చాయి. ఇక విశ్వవిద్యాలయాల అవసరం తీరిపోయిందన్న మాట ఆ రోజుల్లో గట్టిగానే వినిపించింది.

ఆ తరవాత ఏం జరిగిందో కూడా మీ అబ్బాయి తెలుసుకోవాలి. ఎంఐటీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలు ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల లెక్కలను పరిశీలించి 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2017–18లో వాటిలో చేరినవారిలో చివరిదాకా పూర్తి చేసినవారు నూటికి ముగ్గురు. సర్టిఫికెట్ కోసం కొంత సొమ్ము కట్టినవారిలో మాత్రం పూర్తి చేసినవారు సగానికి దగ్గరగా, నూటికి 46 మంది ఉన్నారు. చేరినవారంతా తెలివి తక్కువవారు కారు, బద్ధకస్థులూ కారు. సరదాగా చూసిపోదామని వచ్చినవారూ వారిలో ఉన్నారు. కానీ ఫలానా గంటకు కూర్చోవాలన్న నియమం లేక, అర్థం కానప్పుడు పక్కన అడగడానికి మనిషి లేక, ఫలానా రోజు పరీక్ష ఉందన్న భయం లేక మధ్యలో ఆగిపోయినవారు చాలామంది. కాలేజీ ఎంత పేలవంగా ఉన్నా ఈ మూడింటినీ ఎంతో కొంత ఇస్తుంది. మీ అబ్బాయి ప్రణాళిక అంతా తాను ఆ ముగ్గురిలో ఒకడినవుతానన్న నమ్మకం మీద నిలబడి ఉంది. అతను కావచ్చు కూడా. అయితే కాకపోతే పోయేదేమిటో లెక్క వేసుకోకుండా అడుగు వేయకూడదు.

పోయేది చిన్నది కాదు. మధ్యలో మానేస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్నట్లయితే అది ఆగిపోతుంది. రేపు మనసు మారి గ్రూప్స్ రాద్దామన్నా, బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్ష రాద్దామన్నా కనీస అర్హత డిగ్రీయే. దరఖాస్తు ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే ఎంత తెలివైనవాడైనా పరీక్ష హాలు దాకా కూడా వెళ్లలేడు. ప్రైవేటు కంపెనీలు డిగ్రీ అడగడం మానేశాయన్న వార్తలను మీ అబ్బాయి మీకు చూపించవచ్చు. కొన్ని కంపెనీలు కొన్ని ఉద్యోగాలకు ఆ నిబంధనను సడలించిన మాట వాస్తవమే. కానీ మన పిల్లలను వందల సంఖ్యలో తీసుకునే కంపెనీలు ఏం చేస్తున్నాయో చూడండి. ఇంటర్ పూర్తయిన పిల్లలను నేరుగా శిక్షణకు తీసుకునే హెచ్‌సీఎల్ సంస్థ ‘టెక్‌బీ’ పథకంలో కూడా ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదువుకునే ఏర్పాటు ఉంది. బీఎస్సీ, బీసీఏ చదివినవారిని చేర్చుకునే విప్రో తన పథకంలో వారిచేత ఎంటెక్ చదివిస్తోంది. డిగ్రీ లేకుండానే పిల్లలను పనిలోకి తీసుకోగలిగిన కంపెనీలు కూడా వారి చదువుకు దారి చూపుతున్నాయంటే, పైకి ఎదగడానికి ఆ పట్టా ఇంకా అవసరమని వాటికి తెలుసు.

అందువల్ల అతన్ని గద్దించకండి, కాలేజీ మాననివ్వకండి. ఈ సెమిస్టర్‌లోనే, కాలేజీకి వెళుతూనే, తనకు నచ్చిన ఒక్క ఉచిత కోర్సులో చేరి, దాని పరీక్ష రాసి, మార్కులు తెచ్చి చూపించమనండి. కోర్సులో ఏం చెబుతారో మీరు తెలుసుకోనక్కర్లేదు. పరీక్ష ఏ తేదీన, ఏ ఊళ్లో అని మాత్రం అడగండి. తేదీ చెప్పగలిగితే అతను నిజంగా చదువుతున్నట్టు. తేదీయే లేని కోర్సయితే అతను వీడియోలు చూస్తున్నట్టు.

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం. మా కాలేజీలో రెండు సబ్జెక్టులకు అధ్యాపకులు లేరు. ‘స్వయం’లో ఉచిత కోర్సులు చేయమని సీనియర్లు చెబుతున్నారు. వాటి సర్టిఫికెట్‌కు విలువ ఉంటుందా? ఆ ఇంగ్లిష్ పాఠాలు నాకు సగమే అర్థమవుతున్నాయి. – ఒక విద్యార్థిని, సిద్దిపేట జిల్లా

జవాబు: అధ్యాపకులు లేని తరగతి గదిలో కూర్చుని కూడా చదువు మానాలని కాకుండా ఎలా నేర్చుకోవాలని అడిగారు. మీకు వివరంగానే రాస్తాను.

ముందు సర్టిఫికెట్ల సంగతి. పేరుకు అన్నీ సర్టిఫికెట్లే అయినా వాటి వెనక ఉన్న పరీక్షను బట్టి మూడు రకాలున్నాయి. వీడియోలు చివరిదాకా చూశారని చెప్పే కాగితం మొదటి రకం. ఉద్యోగం ఇచ్చేవారు దాన్ని పట్టించుకోరు, పట్టించుకోవలసిన అవసరమూ లేదు. ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో ప్రశ్నలకు జవాబులిచ్చి తెచ్చుకునేది రెండో రకం. ఆసక్తి ఉందని చెప్పడానికి అది పనికొస్తుంది, అంతకు మించి నిరూపించదు, ఎందుకంటే ఆ జవాబులు ఎవరు ఇచ్చారో చూసినవారు లేరు. గుర్తింపు కార్డు చూపించి, పరీక్ష కేంద్రంలో, పర్యవేక్షకుల ఎదుట రాసి తెచ్చుకునేది మూడో రకం. ‘స్వయం’ వేదికలో, ముఖ్యంగా ఎన్‌పీటెల్ కోర్సుల్లో దొరికేది ఈ మూడో రకం కాబట్టే మీ సీనియర్లు ఇచ్చిన సలహా మంచిదంటున్నాను.

‘స్వయం’ను కేంద్ర ప్రభుత్వం 2017 జులై 9న ప్రారంభించింది. అందులో చేరడానికీ, పాఠాలు వినడానికీ ఏమీ కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారు పరీక్ష రుసుము మాత్రం చెల్లించాలి. ఎన్‌పీటెల్ కోర్సులు 4, 8, 12 వారాల నిడివితో ఉంటాయి. 12 వారాల కోర్సయితే వారానికొకటి చొప్పున అసైన్‌మెంట్లు ఉంటాయి. వాటిలో మీకు బాగా మార్కులు వచ్చిన ఎనిమిదింటి సగటును 25కి లెక్కిస్తారు, చివరి పరీక్షకు 75. ఉత్తీర్ణులు కావాలంటే అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 విడివిడిగా రావాలి. మొత్తం 60 దాటితే సర్టిఫికెట్ మీద ‘ఎలీట్’ అని ఉంటుంది, 75 దాటితే దానికి వెండి, 90 దాటితే బంగారు గుర్తు చేరుతుంది. ఇక్కడ చాలామంది పిల్లలు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. అసైన్‌మెంట్ల జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ యూట్యూబ్‌లోనూ దొరుకుతున్నాయని వాటిని చూసి నింపేసి, 25కి 24 తెచ్చుకుని, పరీక్షలో 30 మార్కులు రాక తప్పుతున్నారు. గడువు ముగిసే రాత్రి 11 గంటలకు జవాబుల కోసం వెతికే అలవాటు మీకు వద్దు. తప్పైనా సరే సొంతంగా చేయండి; ఎలాగూ 12లో నాలుగింటిని లెక్కలోంచి తీసేస్తారు.

రెండో మాట క్రెడిట్ల (డిగ్రీకి లెక్కలోకి వచ్చే చదువు పాయింట్ల) గురించి, చాలామందికి తెలియనిది ఇదే. 2021లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ ద్వారా చదివి, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునే వీలుంది. 12 వారాల కోర్సుకు మూడు క్రెడిట్లు వస్తాయి. వాటిని ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’లో మీ పేరు మీద జమ చేసుకోవచ్చు. అయితే ఏ కోర్సును ఏ పేపర్‌కు బదులుగా ఒప్పుకోవాలన్నది మీ విశ్వవిద్యాలయం ముందుగా ఆమోదించాలి. కాబట్టి కోర్సులో చేరకముందే ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇచ్చి, విశ్వవిద్యాలయం ఆమోదించిన జాబితాలో ఆ కోర్సు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. పూర్తయ్యాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. అధ్యాపకులు లేని ఆ రెండు సబ్జెక్టులకు సరిపోయే కోర్సులు ఉన్నట్లయితే, తరగతి అంతా కలిసి దరఖాస్తు ఇవ్వండి. ఒక్కరు అడిగినప్పటి కంటే త్వరగా కదలిక వస్తుంది. ఖాళీ పోస్టులు నింపమని అడగడం మాత్రం మానకండి. ఆన్‌లైన్ పాఠం ఉంది కదా అని అధ్యాపకుల పోస్టులను ఖాళీగా వదిలేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ఇంగ్లిష్ గురించి. ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు, ఉచిత కోర్సుల నుంచి తెలుగు మాధ్యమం పిల్లలను వెనక్కి పంపుతున్న మొదటి కారణం ఇదే. ఐఐటీ బొంబాయి నడుపుతున్న ‘స్పోకెన్ ట్యుటోరియల్’లో సీ, పైథాన్, లినక్స్ వంటి వాటికి చిన్న చిన్న పాఠాలున్నాయి, వాటిలో చాలావాటికి తెలుగు వ్యాఖ్యానం ఉంది, అక్కడ మొదలుపెట్టండి. ఎన్‌పీటెల్ కూడా కొన్ని కోర్సుల పాఠాల రాతప్రతులను తెలుగులోకి అనువదించింది. తెలుగు ప్రతి లేని కోర్సయితే, వీడియో చూడకముందే ఆ వారం ఇంగ్లిష్ రాతప్రతిని ఒకసారి చదివి, తెలియని పదాలను పుస్తకంలో రాసుకుని, ఆ తరవాత పాఠం వినండి. సమయం రెట్టింపు పడుతుంది. మొదటి మూడు నాలుగు వారాలు కష్టపడ్డాక సాంకేతిక పదాలు అవే మళ్లీ మళ్లీ వస్తున్నట్టు మీకే తెలుస్తుంది.

చివరగా, విన్నదానికీ వచ్చినదానికీ తేడా ఎక్కడ బయటపడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. డేటా స్ట్రక్చర్స్ కోర్సులో లింక్డ్ లిస్ట్‌ను వెనక నుంచి ముందుకు తిరగేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది; లింక్డ్ లిస్ట్ అంటే, ఒక్కో అంశం (నోడ్) తన తరవాతి దాని చిరునామాను దాచుకునే గొలుసు. ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగేదే. పాఠం వింటున్నప్పుడు అది ఎంతో తేలికగా అనిపిస్తుంది. సొంతంగా రాయడానికి కూర్చుంటే, ఒక నోడ్ లింకును వెనక్కి తిప్పగానే దాని తరవాతి నోడ్ చిరునామా పోయి, మిగతా లిస్ట్ అంతా చేజారిపోతుంది. తిప్పేముందే తరవాతి నోడ్ చిరునామాను, చిరునామాలు దాచే వేరే పాయింటర్‌లో దాచుకోవాలని, అందుకు మొత్తం మూడు పాయింటర్లు కావాలని, ఒకసారి పోగొట్టుకున్నవారికే గుర్తుంటుంది. ఇంటర్వ్యూ చేసేవారు సర్టిఫికెట్‌ను ఒకసారి చూసి పక్కన పెట్టి, ‘రెండో పాయింటర్ ఎందుకు?’ అని అడుగుతారు. కాబట్టి ప్రతి వారం పాఠం విన్నాక ల్యాబ్‌లో, లేదా స్నేహితురాలి ల్యాప్‌టాప్ మీదైనా ఆ ప్రోగ్రాంలను చేత్తో రాసి, నడిపి చూసి, వాటిని ప్రోగ్రాంలు దాచుకునే ఆన్‌లైన్ వేదిక గిట్‌హబ్‌లో మీ పేరు మీద భద్రపరచండి. డిగ్రీ పూర్తయ్యేసరికి మీ దగ్గర పట్టాతో పాటు ఎవరైనా తెరిచి చూడగలిగే పని కూడా ఉంటుంది.

ప్రశ్న: ఇంటర్ కాగానే పెళ్లయింది. ఇప్పుడు నాకు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఉచిత కోర్సులు రెండు మూడు చేశాను, కంప్యూటర్ మీద ఆసక్తి కలిగింది. ఇప్పుడైనా డిగ్రీ చదవాలా, ఇలా కోర్సులు చేసుకుంటూ పోతే సరిపోతుందా? ఇంట్లో ఉండి చదివిన డిగ్రీ చెల్లుతుందా? – ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: చదవండి. ఉద్యోగం కావాలన్నది మీ కోరిక అయితే డిగ్రీ చదవాలనే నా సలహా, ఎందుకంటే చదువుకూ ఉద్యోగానికీ మధ్య పదిహేనేళ్లు విరామం వచ్చిన మహిళను కొత్తవారు మొదట కాగితం చూసే అంచనా వేస్తారు. అది న్యాయం కాదు, కానీ ఇవాళ పరిస్థితి అదే.

చెల్లుబాటు గురించి సందేహం వద్దు. యూజీసీ గుర్తింపు ఉన్న సార్వత్రిక, దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలను మామూలు డిగ్రీలతో సమానంగా పరిగణించాలని యూజీసీ 2022లో మరోసారి స్పష్టంగా ప్రకటించింది. మన హైదరాబాద్‌లోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తెలుగు పాఠ్యపుస్తకాలను, అక్కడ చదవనివారు కూడా గ్రూప్స్ కోసం వెతికి కొనుక్కుంటారు. పుస్తకాల నాణ్యత గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ వైపే వెళ్లాలనుకుంటే ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీని పరిశీలించండి. జేఈఈ అక్కర్లేదు, వయసు అడ్డంకి లేదు. ఇంటర్ పాసై, పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉండాలి. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్ష నెగ్గితే ప్రవేశం. పాఠాలు ఆన్‌లైన్‌లో వింటారు, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఇది ఉచితం కాదు. అయితే తీసుకున్న కోర్సుల మేరకే ఫీజు కడుతూ వెళ్లవచ్చు, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకూ, కొన్ని వర్గాలకూ గణనీయమైన రాయితీలున్నాయి. మీకు అన్నిటికంటే పనికొచ్చే అంశం, మధ్యలో ఆపవలసి వచ్చినా చదివింది వృథా కాకపోవడం: పునాది స్థాయి పూర్తయితే సర్టిఫికెట్, ఆపైన డిప్లొమా, ఆపైన బీఎస్సీ, నాలుగో ఏటి స్థాయి పూర్తిచేస్తే బీఎస్. పిల్లల పరీక్షలు, ఇంట్లో శుభకార్యాలు, పెద్దల అనారోగ్యాలు చూసుకునే మనిషికి ఇటువంటి మెట్లున్న చదువు ఎంత అవసరమో మీకు నేను చెప్పనక్కర్లేదు. గణితం కొంచెం గట్టిగానే ఉంటుంది. అందుకని దరఖాస్తు చేసేముందు పదో తరగతి, ఇంటర్ గణితాన్ని ఖాన్ అకాడమీ వంటి ఉచిత వేదికల మీద రెండు నెలలు తిరగేయండి. మీరు ఇప్పటిదాకా చేసిన కోర్సులు వృథా అయ్యాయని అనుకోవద్దు; రోజూ చదివే అలవాటు వాటివల్లే మీకు తిరిగి వచ్చింది.

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ మధ్యలో ఆపేసి, ఆన్‌లైన్ సర్టిఫికెట్లతో హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. జీతం బాగానే ఉంది. అమెరికా రావాలనుకుంటున్నాడు. వీలవుతుందా? – ఒక అక్క, డాలస్

జవాబు: ఇప్పుడున్న అర్హతలతో కష్టం. అమెరికాలో ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్-1బీ వీసాకు ఆ ఉద్యోగానికి సంబంధించిన బ్యాచిలర్స్ డిగ్రీ గానీ, దానికి సమానమైనది గానీ ఉండాలి. డిగ్రీ లేనివారి విషయంలో మూడేళ్ల ప్రత్యేక అనుభవాన్ని ఒక ఏడాది కాలేజీ చదువుకు సమానంగా లెక్కించే నియమం ఉంది. ఆ లెక్కన నాలుగేళ్ల డిగ్రీకి 12 ఏళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్ చదవడానికి వెళదామన్నా ముందు బ్యాచిలర్స్ డిగ్రీ అడుగుతారు. ఉద్యోగం చేస్తూనే, ఆగిన డిగ్రీని గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో పూర్తి చేయమనండి. పాత క్రెడిట్లు ఎన్ని కలుస్తాయో ముందుగా కనుక్కోమనండి. సర్టిఫికెట్లతోనే ఇంతదూరం వచ్చినవాడికి ఆ చదువు భారం కాదు.

ప్రశ్న: మా ఊళ్లో ఒక సంస్థ, ఆరు నెలల్లో ఆన్‌లైన్‌లో డిగ్రీ ఇప్పిస్తామని, అన్ని ఉద్యోగాలకూ చెల్లుతుందని చెబుతోంది. బీటెక్ కూడా ఇప్పిస్తారట. ఉచిత కోర్సులు చేసిన సర్టిఫికెట్లు చూపిస్తే ఫీజు తగ్గిస్తామంటున్నారు. చేరవచ్చా? – ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: చేరకండి, అడ్వాన్సు కూడా కట్టకండి. యూజీసీ చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ, చట్టం ఆ అధికారం ఇచ్చిన సంస్థలకూ మాత్రమే ఉంది. మూడేళ్ల డిగ్రీ ఆన్‌లైన్‌లో చదివినా మూడేళ్ల చదువే. ఆరు నెలల్లో ఇప్పిస్తామన్న మాటే మోసానికి గుర్తు. బీటెక్ సంగతి ఇంకా స్పష్టం: సరైన అనుమతులు లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల విషయంలో సుప్రీంకోర్టు 2017 నవంబరు 3న తీర్పు ఇచ్చి వాటిని చెల్లకుండా చేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారు సైతం ఇబ్బంది పడ్డారు. నర్సింగ్, ఫార్మసీ వంటి చదువులను ఆన్‌లైన్‌లో ఇప్పిస్తామన్నా ఇదే జవాబు.

ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సును, ఏ విద్యాసంవత్సరానికి ఆన్‌లైన్‌లో లేదా దూరవిద్యలో నడపవచ్చో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. మీరు చేరబోయే కోర్సు పేరు, చేరే సంవత్సరం కూడా ఆ జాబితాలో కనిపించాలి. ఫీజు కట్టేటప్పుడు మధ్యవర్తి ఖాతాకు కాకుండా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టి, రసీదు తీసుకోండి. ఇప్పటికే ఆ సంస్థకు సొమ్ము కట్టినవారు మీకు తెలిసి ఉంటే, రసీదులు, వాట్సాప్ సందేశాలు, కరపత్రాలు భద్రపరచుకుని పోలీసులకు ఫిర్యాదు చేయమని, ఒక ప్రతిని యూజీసీకి కూడా పంపమని చెప్పండి.